వేసవి సెలవుల్లో ఇంటి భారం ఎవరి మీద?



ఈస్టర్ ఆరాధన ముగిసిన వారంలోనే బడులు మూతపడ్డాయి. 2025లో మన రాష్ట్రంలో వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ఇచ్చారు. లెక్కపెడితే సరిగ్గా 49 రోజులు, అంటే ఏడు వారాలు. గురుకులాల్లో చదివే పిల్లలు కూడా పెట్టెలు సర్దుకొని ఇంటికి వచ్చేశారు. సంవత్సరమంతా వాళ్ల కోసం ఎదురుచూసిన తల్లులే, పది రోజులు కాకముందే ప్రార్థన మనవులు పంపుతున్నారు. "అయ్యగారూ, పిల్లలు మాట వినడం లేదు, ఇంట్లో సమాధానం లేదు, ప్రార్థన చేయండి" అంటున్నారు.

ప్రార్థన చేస్తున్నాం. అయితే మా అభిప్రాయం కూడా ఒకటి చెప్పాలి. వేసవిలో ఇంట్లో సమాధానం పోవడానికి చాలాసార్లు కారణం పిల్లల అల్లరి కాదు. పెరిగిన పని అంతా ఒకరిద్దరి మీదే పడటం. ఆ ఒకరు తల్లి, రెండోవారు పెద్దమ్మాయి.

ఇది ఎవరి ఇల్లో చూసి చెబుతున్న మాట కాదు. పోయిన వేసవిలో మా ఇంట్లోనే నేర్చుకున్నాం. మే నెల వస్తే సేవకుని ఇంటికి తీరిక ఉండదు. పెండ్లిళ్లు, గృహప్రవేశ ప్రార్థనలు, కూటాలు, వీబీఎస్. వచ్చినవారికి భోజనాలు. ఒక మధ్యాహ్నం వీబీఎస్ ముగించుకొని ఇంటికి వచ్చేసరికి, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పొయ్యి దగ్గర రెండోసారి అన్నం వండుతోంది. తమ్ముడు మంచం మీద ఫోన్ పట్టుకొని ఉన్నాడు. "సెలవులు ఎట్లున్నాయి బిడ్డా?" అని అడిగాం. తల ఎత్తకుండానే, "బడి ఉన్నప్పుడే నాకు సెలవు నాన్నా" అంది.

ఆ ఉదయం మేము పిల్లలకు చెప్పి వచ్చిన పాఠం మార్త, మరియల గురించి. మా ఇంట్లో మార్తను తయారు చేసింది మేమే.

ఆ రాత్రి నిర్గమకాండము 18వ అధ్యాయం మళ్లీ తెరిచాం. మోషే మామ యిత్రో పని పంచుకోమని సలహా ఇచ్చిన అధ్యాయం అది. సంఘ పెద్దలను ఏర్పాటు చేసేటప్పుడు దాని మీద ఎన్నోసార్లు ప్రసంగించాం. కానీ అది ఎలా మొదలవుతుందో అంతగా పట్టించుకోలేదు. యిత్రో ఒంటరిగా రాలేదు. మోషే భార్య సిప్పోరాను, కొడుకులు గేర్షోమును, ఎలీయెజెరును వెంటబెట్టుకొని వచ్చాడు. దూరంగా ఉన్న భార్యాపిల్లలు ఇంటికి చేరారు. మరునాడు చూస్తే మోషే ఉదయం నుంచి సాయంత్రం వరకు జనుల తగవులు తీరుస్తూ కూర్చున్నాడు. ఈ పద్ధతి మంచిది కాదని, అందరూ అలసిపోతారని చెప్పింది ఆ ఇంటి పెద్దమనిషే. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, చివరికి పదిమందికి కూడా ఒక్కొక్కరిని నియమించి భారం పంచమన్నాడు. పదిమంది దగ్గరే పంచుకోవాలంటే, నలుగురున్న ఇంట్లో మాత్రం ఎందుకు పంచుకోకూడదు?

మన మంచాల మండలంలో ఈ నెలలు ఎలా ఉంటాయో మాకు తెలుసు. యాసంగి వరి కోతలు, కల్లంలో వడ్ల కాపలా, కొనుగోలు కేంద్రం దగ్గర ఎదురుచూపులు. ఎండ ముదరకముందే ఉపాధి హామీ పనికి పోవాలి. కొందరు ఇబ్రహీంపట్నానికి, హైదరాబాద్‌కు పనికి బస్సెక్కుతారు. పిల్లలు లేచేసరికి ఇంట్లో పెద్దవాళ్లు ఉండరు. సమ్మర్ క్యాంపులకు పంపే స్థోమత మనలో చాలామందికి లేదు. అందుకే ఖర్చు లేని నాలుగు మాటలు చెబుతున్నాం.

మొదటిది, పని పంచండి. ఆదివారం సాయంత్రం అందరూ కూర్చొని, ఒక కాగితం మీద ఎవరి పని ఏమిటో రాసి గోడకు అంటించండి. నల్లా వచ్చే వేళకు బిందెలు నింపేది ఒకరు, వాకిలి ఊడ్చేది ఒకరు, బోళ్లు తోమేది ఒకరు. మగపిల్లవాడు బోళ్లు తోమితే చిన్నతనమా? తిరిగి లేచిన మన ప్రభువే తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, రాత్రంతా కష్టపడి వచ్చిన శిష్యులకు చేపలు, రొట్టె సిద్ధం చేశాడు. యోహాను సువార్త 21వ అధ్యాయం చదవండి. పొయ్యి దగ్గర కూర్చోవడం ఆయనకు తక్కువ కాలేదు, మన కొడుకులకూ కాదు.

రెండోది, పన్నెండు నుంచి నాలుగు వరకు ఇల్లు నిమ్మళంగా ఉండాలి. ఎండవేళ అబ్రాహాము కూడా గుడారపు వాకిట కూర్చున్నాడు. చల్ల తాగి, నీడపట్టున పడుకోనివ్వండి. ప్రతి గంటనూ చదువుతో నింపాల్సిన పని లేదు. ఫోన్‌కు ఒక వేళ పెట్టండి. అన్నం తినేటప్పుడు మాత్రం ఎవరి చేతిలోనూ వద్దు, నాన్న చేతిలో కూడా.

మూడోది, పెద్దవాళ్లు తోడు లేకుండా ఏ బిడ్డా వ్యవసాయ బావి దగ్గరికి, చెరువు దగ్గరికి పోకూడదు. మట్టి కోసం తవ్విన గుంతల లోతు పైకి కనబడదు. ఈత నేర్పాలనుకుంటే తండ్రే వెంట వెళ్లి, నడుముకు బెండ్లు కట్టి నేర్పాలి. మిగతా వాటిలో సర్దుకుపోవచ్చు, ఈ నియమం దగ్గర మాత్రం మెత్తబడకండి.

నాలుగోది, రాత్రి పది నిమిషాల కుటుంబ ప్రార్థన. డాబా మీదనో, వాకిట్లోనో చాపలు పరచుకున్నాక చాలు. ఆ రోజు దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరు ఒక్కటి చెప్పండి. పిల్లవాడి తప్పులన్నీ ఏకరువు పెట్టడానికి ఆ ప్రార్థనను వాడుకోకండి. ఇంట్లో కూర్చున్నా, దారిలో నడిచినా పిల్లలతో వాక్యం గురించి మాట్లాడమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం చెబుతుంది. మాట్లాడమన్నది, తిట్టమని కాదు.

వీబీఎస్ ఉంది కదా అంటారేమో. 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే సోదరి, వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక బీరు దుకాణాన్ని అద్దెకు తీసుకొని వేసవిలో బైబిలు బడి నడిపింది. అలాంటి మనసు నుంచే వీబీఎస్ పుట్టింది. మన వీబీఎస్‌కు పిల్లలను తప్పక పంపండి. కానీ అది పది రోజులే. మిగిలిన రోజుల బడి మీ ఇల్లే.

మేము ఇంకా పూర్తిగా దిద్దుకోలేదు. మా అబ్బాయి తోమిన బోళ్లను కొన్నిసార్లు మళ్లీ తోమాల్సి వస్తోంది. అయినా ఆ పని అతనిదే. ఈసారి వీబీఎస్ రోజుల్లో మా ఇంట్లో భోజనాలు పెట్టుకోవడం లేదు, ఎవరూ ఏమీ అనుకోకండి. టీ మాత్రం తప్పక ఇస్తాం, మా అబ్బాయే పెడతాడు.

సెలవులు ముగిశాక బడులు తెరుస్తారు. ముందు రోజు సాయంత్రం మీ పెద్దమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకొని, సెలవులు ఎట్లున్నాయో అడగండి. మేమూ అడుగుతాం. ఆ బిడ్డ చెప్పే జవాబే మన ఇంటి సాక్ష్యం.

సమాధానకర్తయైన దేవుడు మీ ఇంట్లో ప్రతి ఒక్కరికీ విశ్రాంతి దయచేయును గాక. ఆమేన్.