ఆ నియమం మీరే రాయండి

కూపర్స్‌టౌన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ పాలకమండలి సభ్యులకు,

స్టెరాయిడ్లు వాడారనే ఆరోపణలున్న బారీ బాండ్స్ ఫలకం మీ గోడ మీదికి ఎక్కకూడదని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకడిని. అయినా ఆయన్ని మీరు ఆపుతున్న తీరు నాకు సమ్మతం కాదు. ఈ ఉత్తరం అందుకే.

762 హోమ్‌రన్లు, ఏడు ఎంవీపీ అవార్డులు ఉన్న ఆ ఆటగాడికి 2022లో, బ్యాలెట్ మీద పదో, ఆఖరి ఏడాదిలో క్రీడా విలేకరులు వేసిన ఓట్లు 66 శాతం. కావలసింది 75. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు ఏడున్న రోజర్ క్లెమెన్స్‌కు 65.2 వచ్చింది. అదే బ్యాలెట్ మీద డేవిడ్ ఓర్టిజ్ మాత్రం తొలిసారే 77.9 శాతంతో లోపలికి వచ్చేశారు. 2003 డోపింగ్ పరీక్షల్లో పట్టుబడినవారి జాబితాలో ఓర్టిజ్ పేరూ ఉందని 2009లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. తాను స్టెరాయిడ్లు వాడలేదని ఆయన చెప్పారు. తెలిసి వాడలేదని బాండ్స్, అసలు వాడనే లేదని క్లెమెన్స్ కూడా చెప్పారు. ఎవరి మాట నమ్మాలి, దేన్ని బట్టి నమ్మాలి? ఈ విషయంలో ఓటరు చేతికి మీరిచ్చింది నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, శీలం అనే మాటలు మాత్రమే. మిగతాదంతా వాళ్ల అంతరాత్మకే వదిలేశారు.

నియమం రాయడం మీకు రాని పనేం కాదు. 1991లో, జూదానికి నిషేధం పడ్డ పీట్ రోజ్ పేరు బ్యాలెట్ మీదికి రాబోతున్నదనగా, శాశ్వత నిషేధంలో ఉన్నవారికి అర్హత లేదని మీ మండలే తీర్మానించింది. జూదం మీద అంత తెగించి మాట్లాడినవారు డోపింగ్ మీద ఇన్నేళ్లూ పెదవి విప్పలేదు. 2017లో మీ ఉపాధ్యక్షుడు జో మోర్గాన్, స్టెరాయిడ్లు వాడినవారికి ఓటు వెయ్యవద్దని ఓటర్లకు లేఖ రాయవలసి వచ్చింది. మండలి చెయ్యవలసిన పనికి ఆయన ఓటర్లను బతిమాలుకున్నారు. 2025లో మీరు తెచ్చిన నియమం మరీ బాధాకరం. విలేకరుల ఓటులో గడువు ముగిసినవారిని పరిశీలించే 16 మంది కమిటీలో అయిదు ఓట్లు రానివారి పేరు తర్వాతి విడతలో ఉండదు, రెండుసార్లు అలా జరిగితే ఇక ఎప్పటికీ రాదు. ఆ డిసెంబరులో బాండ్స్‌కూ క్లెమెన్స్‌కూ అయిదు రాలేదు. స్టెరాయిడ్ అనే మాట ఎక్కడా పలకకుండానే తలుపు మూసుకుంటోంది. ఇది దొడ్డిదారి.

అప్పట్లో నిషేధమే లేదు కదా అనేవారికి ఒక సంగతి గుర్తుచెయ్యాలి. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్లు దగ్గరుంచుకోవడాన్ని అమెరికా 1990 చట్టంతో నేరంగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే కమిషనర్ ఫే విన్సెంట్ అవి ఆటలో నిషిద్ధమని క్లబ్బులన్నిటికీ మెమో పంపారు. లేనిది పరీక్ష ఒక్కటే. స్టెరాయిడ్ల విచారణకు సంబంధించిన కేసుల్లో, బాండ్స్‌కు పడిన శిక్షను 2015లో కోర్టు కొట్టేసిన మాటా, 2012లో క్లెమెన్స్ నిర్దోషిగా బయటపడిన మాటా నిజమే. కానీ జైలు తప్పినంత మాత్రాన సన్మానం హక్కు కాదు. స్టెరాయిడ్లు సరఫరా చేసిన బాల్కో సంస్థ కేసులో బయటికొచ్చిన సాక్ష్యాలు చదివాక నాకైతే అనుమానం మిగల్లేదు.

1998లో మార్క్ మెగ్వైర్ 70 హోమ్‌రన్లు కొట్టినప్పుడు దేశం ఊగిపోయింది. ఆ ఏడాది కూడా స్టెరాయిడ్లు వాడానని ఆయన ఒప్పుకున్నది 2010లో. ఆ సంబరంలో నష్టపోయినవాడెవరో ఎవరూ అడగలేదు. సూది వేసుకోనందుకు అర అడుగు వెనకబడి, మైనర్ లీగ్ బస్సుల్లోనే వయసు అయిపోయినవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. 2005 మార్చిలో స్టెరాయిడ్ల మీద అమెరికా కాంగ్రెస్ జరిపిన విచారణకు ఇంకొందరు వచ్చారు. స్టెరాయిడ్లు వాడి ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల తల్లిదండ్రులు వాళ్లు. అందులో ఒక కుటుంబం మా టెక్సస్‌దే. ఇక్కడ మా తెలుగు పిల్లలు కూడా లిటిల్ లీగ్‌లో ఆడుతున్నారు. పెద్దాటలో ఏది చెల్లుతుందో చిన్న మైదానాలు అదే నేర్చుకుంటాయి.

అయితే ఆటగాళ్ల మీదే కత్తి దూస్తే అది న్యాయం కాదు. 1994 సమ్మెతో ఖాళీ అయిన గ్యాలరీలు హోమ్‌రన్లతో నిండుతున్నప్పుడు ఆట పగ్గాలు కమిషనర్ బాధ్యతల్లో ఉన్న బడ్ సీలిగ్ చేతిలో ఉన్నాయి. కమిషనర్లు, క్లబ్బులు, ఆటగాళ్ల సంఘం, ఆటగాళ్లు అందరికీ ఇందులో బాధ్యత ఉందని విచారణకు సీలిగే నియమించిన జార్జ్ మిచెల్ 2007 నివేదికలో చెప్పారు. అయినా 2017లో సీలిగ్ ఫలకాన్ని మీరు ఆవిష్కరించారు. అది తప్పు.

చరిత్రను చెరిపెయ్యమని నేను అడగడం లేదు. హ్యాంక్ ఆరన్ 755 హోమ్‌రన్ల రికార్డును దాటుతూ బాండ్స్ కొట్టిన 756వ బంతి, దాని మీద చెక్కిన నక్షత్రం గుర్తుతో సహా, మీ మ్యూజియంకే చేరింది. అక్కడే ఉండనివ్వండి. జరిగినదంతా మ్యూజియం చెప్పాలి. ఫలకాల గది మాత్రం గౌరవించదగినవారిదే.

కాబట్టి వచ్చే సమావేశంలో కూర్చుని, అందరూ చదివేలా రాయండి. పరీక్షలో దొరికి సస్పెండ్ అయినవారికి, తామే ఒప్పుకున్నవారికి, విచారణలో గట్టి సాక్ష్యంతో తేలినవారికి అర్హత లేదని రాయండి. 2014 సీజనంతా సస్పెన్షన్‌లో ఉన్న అలెక్స్ రోడ్రిగెజ్ పేరు ఏటా ఓటర్ల ముందు పెట్టి వాళ్లను పరీక్షించవద్దు. ఎవరిని ఏ కారణంతో ఆపారో వారి ముఖానే చెప్పండి, జవాబు చెప్పుకునే అవకాశమూ ఇవ్వండి. చూసీ చూడనట్టు ఊరుకున్న అధికారులకు, క్లబ్బుల యజమానులకు కూడా అదే నియమం వర్తింపజేయండి.

ఇట్లు,
ప్లేనో, టెక్సస్ నుంచి ఒక బేస్‌బాల్ అభిమాని