బాధ్యత ఏ పద్దులో ఉంది?

రుద్రారంలోని గీతం విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణను పీజీ స్థాయిలో బోధిస్తున్నారు. దానికి దగ్గరలోనే పాశమైలారం పారిశ్రామికవాడ. 2025 జూన్ 30న అక్కడి సిగాచీ కర్మాగారంలో పేలుడు సంభవించి 50 మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో పలువురు ఇతర రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. ఆనాడు లోపల ఎందరున్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది.

ఎంబీఏలో చేరే మన పిల్లలకు వ్యాపార నీతి పాఠం ఎక్కడ మొదలుకావాలి? హాజరు పట్టీ దగ్గరే అంటాం మేము.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పెద్ద కంపెనీలను సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించమంటుంది. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే ఖర్చు ఆ పద్దులోకి రాదు. రాకపోవడమే సబబు. కార్మికుని ప్రాణరక్షణ దానం కాదు, విధి. బడికి బెంచీలిచ్చి ఫోటో దిగగానే బాధ్యత తీరిందనుకునే మేనేజర్లు మనకెందుకు? (పద్దుల మధ్యే తల నెరిసిన మాబోటి గుమాస్తాలకు పద్దు మార్చే విద్య కొత్తదేమీ కాదు.)

తూనికల్లో మోసగించేవారి పేరిటే దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరా ఉంది. కాంట్రాక్టు కూలీ ప్రాణాన్ని తక్కువగా తూచడం ఆ మోసంలో చేరదా?

తల్లిదండ్రులారా, ఫీజు కట్టేముందు కళాశాలవారిని అడగండి: మా పిల్లలను పాశమైలారం తీసుకెళ్తారా? కాంట్రాక్టు కార్మికుల హాజరు, ఈఎస్ఐ, భద్రతా శిక్షణ రికార్డులను తనిఖీ చేయడం నేర్పుతారా?