ఆటంకపు టాట అధర్మమా?

గత సంవత్సరము మా వసతిగృహమునం దొక చిన్న తగవు పుట్టెను. ఇద్దఱు బాలురు ‘మాజిక్ : ది గాదరింగ్’ అను ముక్కలాట యాడుచుండిరి. ఓడినవాడు కన్నీళ్లతో మా యొద్దకు వచ్చి, “అయ్యా, వీడు నన్నాడనీయనే లేదు. ఇది మోసము కాదా?” యని యడిగెను. మేమును ఆట యెట్టిదో విచారింపకయే గెలిచినవానిని మందలించితిమి. పిమ్మట నియమములు తెలిసికొనగా, మా తీర్పు సరియైనది కాదని తోచినది.

గణితవేత్తయగు రిచర్డ్ గార్ఫీల్డ్ కల్పించిన యీ యాట 1993వ సంవత్సరమున అమెరికాలో వెలువడెను. పేరులో మంత్రమున్నను గెలుపు నిచ్చునది లెక్కయు నూహయునే. తలిదండ్రులు వెఱవ నక్కఱలేదు. పందెములలో సాధారణముగా నెవరి కట్టను వారే, కనీసము 60 ముక్కలతో కూర్చుకొందురు. ఒక్కొక్కరు ఏడు ముక్కలు చేతబట్టి, 20 ప్రాణాంకములతో నారంభింతురు. ఎదుటివాని యంకములు సున్నయైనచో గెలుపు. ఇందు భూమి ముక్కలే పెట్టుబడి. అవి లేనిదే తక్కినవి చాలవఱకు పనిచేయవు. కొందఱు ఎదుటివాని చేతిముక్కలను పారవేయించుచు, భూములను ధ్వంసము చేయుచు వాని యుపాయమును సాగనీయరు. ఆ బాలుని కట్ట యిట్టిది.

ఇది మోసము కాదు. ఏలయన, ఆటంకమునకును వెల కలదు. 2007లో వచ్చిన ‘థాట్‌సీజ్’ అను ముక్క యెదుటివాని చేతిని చూపించి, భూమి గాని యొక ముక్కను మనము కోరి పారవేయించును. కాని వేసినవాడు తన ప్రాణాంకములలో రెంటిని కోల్పోవును. ఎదుటివాని చేయి వట్టిదైన పిమ్మట నట్టి ముక్క నిరర్థకము. వాడో, ప్రతి వంతునను క్రొత్త ముక్క తీయుచునే యుండును. కావున అడ్డగించువాడు ఆ వ్యవధిలోనే తన గెలుపునకు దారి కట్టుకొనవలెను. అడ్డుటయే పనిగా బెట్టుకొన్నవాడు తుద కోడును. పరుల పని చెఱచుటయే తన పని యనుకొనువారికి ఇంతకంటె మంచి పాఠ మేది?

నిజమైన మోసము వేఱు. గడువు ముగియవలెనని బుద్ధిపూర్వకముగా నాలస్యము చేయువానిని పందెపు నియమములు బహిష్కరించును. ముక్కతో నడ్డుట యాట. కాలము దొంగిలుట దొంగతనము.

అయినను ఒక మాట. పందెములో తగినది చెలిమియాటలో తగకపోవచ్చును. నిన్ననే యాట నేర్చిన తమ్మునిపై నీ కట్టను ప్రయోగించినచో, వాడు నేర్చునది నిరాశయే. ఎదుటివాని బలము నెఱిగి కట్టను ఎన్నుకొనుట పెద్దవాని బాధ్యత.

మేము మందలించిన బాలుని పిలిచి, మా తొందరపాటును ఒప్పుకొంటిమి. ఓడినవాడు మరల నేడ్వలేదు. తన కట్టలో భూములు పెంచుకొనెను. ఓటమికి తగిన జవాబు అదియే. విద్యార్థులు గమనింతురు గాక.