కిస్తీల సంగతీ అడగాలి

బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు రుణాలు తీసుకున్న మహిళలను, సేవా సంస్థలను చూసివచ్చిన విద్యార్థులపై గత సంచికలోని వ్యాసం ఆసక్తికరంగా ఉంది. కానీ అందులో విజయగాథలే తప్ప కిస్తీల ఊసు లేదు.

1976లో జోబ్రా గ్రామంలో 42 మందికి గ్రామీణ బ్యాంకు స్థాపకుడు ముహమ్మద్ యూనస్ సొంత డబ్బు సుమారు 27 డాలర్లు అప్పివ్వడంతో మొదలైన ప్రయత్నమిది. రేకుల షెడ్డులో ఐదుగురేసి జట్లుగా కూర్చున్న ఆడవాళ్లు వారం వారం డబ్బు లెక్కపెట్టి కడతారు, పాసుబుక్కులో రాయించుకుంటారు. బ్యాంకు ఉద్యోగి పక్కనే ఉండగా, ‘ఈ వారం కిస్తీకి డబ్బు ఎక్కడిదమ్మా?’ అని విదేశీ కుర్రాళ్లు అడిగితే ఎవరు మనసు విప్పుతారు?

తెలుగువాళ్లకు ఇది అనుభవమే. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాలపై చేసిన అధ్యయనంలోనూ కొందరి వ్యాపారాలు పెరిగాయి గానీ, సగటు కుటుంబ ఖర్చులోనూ, మహిళల సాధికారతలోనూ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

విద్యార్థులు తప్పక వెళ్లాలి. అయితే బ్యాంకుతో సంబంధం లేని దుబాసీని వెంట తీసుకెళ్లాలి. అప్పు తీర్చలేక జట్టు వదిలేసిన ఇళ్లకూ వెళ్లి, వాళ్లు చెప్పేది ఓపిగ్గా వినాలి.

– ఒక పాఠకురాలు, వరంగల్