షీర్ లేని ఖుర్మా: పాలు పడని పిల్లలకు ఇంటి చాక్లెట్ బార్లు

ఈద్ నాటి ఉదయం నమాజు ముగించుకొని వచ్చినవారికి మన ఇళ్ళలో మొదట అందేది షీర్ ఖుర్మా గిన్నె. పారశీక భాషలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. పేరులోనే పాలున్న ఆ పాయసాన్ని పాలు పడని పిల్లవాడు తాకలేడు. ఖాలా ఇంటికి వెళ్ళినా, ఫుప్పూ ఇంటికి వెళ్ళినా వాడికి వినిపించే మాట ఒకటే: “వద్దు బేటా, నీకు పడదు.” చేతిలో పడిన ఈదీ డబ్బుతో దుకాణానికి పరుగెత్తితే అక్కడి చాక్లెట్ బార్లలోనూ పాలపొడే ఉంటుంది. పండుగనాడు అందరితో కలిసి తినలేకపోవడం పెద్దలకు చిన్న విషయంగా తోచవచ్చు. ఆరేడేళ్ళ పసివాడికి అది చిన్న విషయం కాదు.

అటువంటి పిల్లల కోసం వేరుగా ఒక గిన్నె వండిపెట్టే తల్లులు ఉన్నారు. వారి శ్రమ గొప్పదే. అయితే వేరు గిన్నె కూడా ఒక విధంగా వేరు చేయడమే. అందరు పిల్లలూ ఇష్టంగా తినగలిగినదీ, పాలు పడని బిడ్డకు కూడా హాని చేయనిదీ ఒకే పళ్ళెంలో పెట్టగలిగితే ఆ వేరు గిన్నె అవసరమే ఉండదు. ఈ నెల శీర్షిక ఆ పళ్ళెం గురించే. దీనికి ఓవెన్ అక్కరలేదు, పాలు, వెన్న, నెయ్యి అక్కరలేదు. కావలసిన వాటిలో ముఖ్యమైనది మన చుట్టూ పొలాల్లోనే పండుతున్నది.

బార్‌ను విప్పి చూస్తే

ప్రపంచమంతటా అమ్ముడవుతున్న స్నికర్స్ బార్ 1930లో అమెరికాలో పుట్టింది. అందులో ఉండేవి వేయించిన పల్లీలు, కారమెల్, నూగట్ అనే మెత్తని పొర, పైన పాల చాక్లెట్ పూత. 1928 నాటి రీసెస్ కప్పులో ఉన్నది పల్లీల ముద్ద. 1951లో బ్రిటన్‌లో వచ్చిన బౌంటీలో ఉన్నది కొబ్బరి. అంటే ఈ మూడింటికీ ప్రాణం పల్లీ, కొబ్బరి. పాలు చేరేది కారమెల్‌లోనూ, పై పూతలోనూ. ఆ రెండింటినీ మార్చుకుంటే చాలు. కారమెల్ స్థానంలో ఖర్జూరం ముద్దను, పాల చాక్లెట్ స్థానంలో పాలు కలవని డార్క్ చాక్లెట్‌ను వాడితే రుచి దాదాపు చేతికి అందుతుంది.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి వేరుపడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుశనగకు పేరుపడిన నేలలు. యాసంగి పంట చేతికి వచ్చే రోజుల్లో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు, అచ్చంపేట మార్కెట్ యార్డులకు పల్లీకాయ బస్తాలు చేరుతాయి. మన ఇళ్ళలో తరతరాలుగా చేసుకుంటున్న పల్లీ పట్టి కూడా ఒక విధమైన బారే. మెరిసే కాగితం చుట్టుకొని వచ్చే బార్‌లోని పల్లీ మనకు కొత్తది కాదు. దానిని మన చేతులతో, మనకు తెలిసిన దినుసులతో చేసుకోవడమే ఇక్కడ చెప్పదలచింది.

పడకపోవడం రెండు రకాలు

పాలు పడకపోవడం అని మనం ఒకే మాటతో చెప్పే దాని వెనుక రెండు వేర్వేరు స్థితులున్నాయి. పాలలోని చక్కెర లాక్టోజ్. దానిని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ తగినంత లేనివారికి పాలు తాగితే కడుపు ఉబ్బరం, నొప్పి, విరేచనాలు కలుగుతాయి. వీరిలో చాలామంది కొద్దిపాటి పాలను తట్టుకోగలరు. రెండవది పాల ఎలర్జీ. పాలలోని కేసిన్, వే అనే మాంసకృత్తులను శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా భావించడం వలన ఇది వస్తుంది. దద్దుర్లు, వాంతులు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తాయి. కొందరిలో ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. వీరికి చెంచాడు పాలు సైతం ప్రమాదమే. నెయ్యిలో కూడా ఆ మాంసకృత్తుల జాడలు మిగిలి ఉండవచ్చు. మీ బిడ్డది ఏ రకమో వైద్యుడే నిర్ధారించాలి. ఎవరో చెప్పారని ఎదిగే బిడ్డకు పాలు మాన్పించడం తగదు.

కాగితం మీది అక్షరాలు

పై పూతకు డార్క్ చాక్లెట్ కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్కను చూసి సరిపెట్టుకోకండి. ఆ గుర్తుకు అర్థం అందులో మాంసం, గుడ్డు వంటివి లేవని మాత్రమే. మన దేశపు నిబంధనల ప్రకారం పాలు, పాల పదార్థాలు శాకాహారంలోకే వస్తాయి. కనుక దినుసుల పట్టికను చదవాలి. మిల్క్ సాలిడ్స్, మిల్క్ ఫ్యాట్, వే పౌడర్, కేసినేట్, బటర్ ఆయిల్ అన్న మాటల్లో ఏది కనిపించినా అందులో పాలు ఉన్నట్లే. డార్క్ అని పేరున్నా కొన్నింటిలో ఇవి ఉంటాయి. పట్టిక కింద ఎలర్జీ కలిగించే వాటిని వేరుగా ముద్రిస్తారు, దానినీ చూడాలి. 2022 నుండి మన దేశంలో వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలు, ప్రత్యేక గుర్తు అమలులోకి వచ్చాయి. ఆ గుర్తు ఉన్న చాక్లెట్ తయారీలో పాల పదార్థాలు వాడరు. అయినా ఎలర్జీ తీవ్రంగా ఉన్న బిడ్డకైతే పాలజాడలు ఉండవచ్చునన్న హెచ్చరిక ఉందేమో కూడా చూసుకోవాలి.

హలాల్ విషయంలో జాగ్రత్తగా ఉండే కుటుంబాలకు ఈ చదివే అలవాటు కొత్త కాదు. 2007 మే నెలలో బ్రిటన్‌లో మార్స్ సంస్థ తన బార్లలోని వే తయారీకి దూడ పొట్ట నుండి తీసే రెనెట్‌ను అనుమతించనున్నట్లు ప్రకటించింది. శాకాహారులు తీవ్రంగా నిరసించడంతో ఆ నెలలోనే నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. పైన పేరు మారకుండానే లోపలి దినుసు మారగలదని ఆ సంఘటన గుర్తుచేస్తుంది. ఇంట్లో చేసుకుంటే ఆ సందేహమే ఉండదు. సువాసన కోసం ఎసెన్సు బదులు యాలకుల పొడి వాడండి, కొన్ని ఎసెన్సులలో ఆల్కహాల్ ద్రావకంగా ఉంటుంది.

ముందుగా పల్లీ ముద్ద

పావుకిలో పల్లీలను పళ్ళెంలో పోసి ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి తీసిపారేయండి. వేరుశనగకు పట్టే ఒక రకం బూజు ఆఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. కనుక ఏరడం దగ్గర బద్ధకం పనికిరాదు.

మంచి గింజలను సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక పొట్టు తీయండి. అందులో గుప్పెడు పక్కన పెట్టి, మిగిలినవి మిక్సీలో వేయండి. మొదట పొడి అవుతుంది, తరువాత ఉండ కడుతుంది, ఆ పిమ్మట నూనె విడిచి జారుగా మారుతుంది. మధ్య మధ్య ఆపి, జారు అంచులను గీకుతూ తిప్పాలి. నీళ్ళు చుక్క కూడా పోయకూడదు. మిక్సీ జారును ముందు పాల పదార్థాలకు వాడి ఉంటే వేడినీటితో, సబ్బుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టాకే మొదలుపెట్టండి.

పల్లీ ఖర్జూరం బార్

అడుగు పొరకు: పుట్నాల పొడి 100 గ్రాములు, పల్లీ ముద్ద 100 గ్రాములు, తురిమిన బెల్లం 60 గ్రాములు. బెల్లాన్ని రెండు చెంచాల నీళ్ళతో కరిగించి వడగట్టి, గోరువెచ్చగా ఉండగానే మిగిలిన రెండింటితో కలపండి. జానెడు పళ్ళెంలో బటర్ పేపర్ పరచి, ఈ ముద్దను గిన్నె అడుగుతో గట్టిగా అదిమి చదును చేయండి.

మధ్య పొరకు: గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు 200 గ్రాములు, పల్లీ ముద్ద రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. ఖర్జూరం గట్టిగా ఉంటే వేడినీటిలో పావుగంట నానబెట్టి, నీరంతా పిండేయండి. తడి మిగిలితే బార్లు త్వరగా పాడవుతాయి. మూడింటినీ మెత్తగా రుబ్బి అడుగు పొర మీద పరచండి. ఉప్పు వేయడం మరువకండి. ఖర్జూరానికి కారమెల్ రుచి తెచ్చేది అదే. పక్కన పెట్టిన పల్లీలను కచ్చాపచ్చాగా దంచి పైన చల్లి అదమండి. ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచి పదహారు ముక్కలుగా కోయండి.

పూతకు: పాలు కలవని డార్క్ చాక్లెట్ 200 గ్రాములు. వేడినీటి గిన్నె మీద మరో పొడి గిన్నె ఉంచి, అందులో చాక్లెట్‌ను కరిగించండి. నీటి బొట్టు పడితే చాక్లెట్ గడ్డకట్టి పలుకులవుతుంది, జాగ్రత్త. ఒక్కొక్క ముక్కను ఫోర్కు మీద ఉంచి ముంచి తీసి, బటర్ పేపర్ మీద ఆరనివ్వండి.

అటువంటి చాక్లెట్ మీ ఊళ్ళో దొరకకపోతే పూతను ఇంట్లోనే చేసుకోవచ్చు. కరిగించిన కొబ్బరినూనె 80 మిల్లీలీటర్లలో జల్లించిన కోకో పొడి 50 గ్రాములు, మెత్తగా పొడి చేసిన చక్కెర 40 గ్రాములు ఉండలు లేకుండా కలపండి. సీసా మీద ‘ఎడిబుల్’ అని, అంటే తినదగినదని ముద్రించి ఉన్న కొబ్బరినూనెనే వాడండి. తలకు రాసుకునే పరిమళ తైలాలు పనికిరావు.

కొబ్బరి బార్

కమ్మని వాసన గల కుడుకల పొడి 150 గ్రాములు, చక్కెర పొడి 40 గ్రాములు, చిక్కని కొబ్బరిపాలు 100 మిల్లీలీటర్లు, కొద్దిగా యాలకుల పొడి తీసుకోండి. కొబ్బరిపాలను కొద్దికొద్దిగా పోస్తూ పిడికిట పట్టితే నిలిచే ముద్దగా కలపండి. వేలెడు పొడవున ఒత్తి, ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి, పైన చెప్పిన పూతలో ముంచండి. ఇవి నాలుగు రోజులలోపు తినేయాలి. పల్లీ బార్లు ఫ్రిజ్‌లో వారం వరకు నిలుస్తాయి.

మన ఎండలకు తగినట్లు

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వేడికే కరుగుతుంది. చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన జిల్లాల వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. రమజాన్ మాసం ఏటా పదకొండు రోజుల మేర ముందుకు జరుగుతుంది కనుక ఈద్ ఒక్కో కాలంలో చలిలో వస్తుంది, ఒక్కో కాలంలో మండుటెండలో వస్తుంది. ఎండాకాలమైతే పూతను మానేయండి. పల్లీ ఖర్జూరం ముక్కలను వేయించిన నువ్వులలో దొర్లిస్తే చేతికి అంటవు, బడి డబ్బాలో పెట్టినా కరిగిపోవు. ఖర్జూరంతో ఉపవాసం విరమించడం దైవప్రవక్త (స) సంప్రదాయం కనుక ఇఫ్తార్ కోసం తెచ్చిన పండ్లు ఇంట్లో మిగిలే ఉంటాయి. వాటికి ఇది చక్కని వినియోగం.

కొన్ని హద్దులు

బెల్లం, ఖర్జూరం వాడినంత మాత్రాన తీపి తీపి కాకుండా పోదు. రోజు మొత్తం శక్తిలో అదనపు చక్కెరల వాటా పది శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు ఒక చిన్న ముక్క చాలు. ఐదేళ్ళలోపు పిల్లలకు పల్లీ పలుకులు గొంతుకు అడ్డుపడవచ్చు, వారికి పలుకులు చల్లకుండా మెత్తని పొరలతోనే చేయండి. ఇవి పాలకు బదులు కావని కూడా గుర్తుంచుకోవాలి. పాలు మానిన బిడ్డకు కాల్షియం రోజువారీ భోజనం నుండే రావాలి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వులు, ఆకుకూరలు కూడా తోడ్పడతాయి.

ఈ పనిలో పిల్లలను కూర్చోబెట్టండి. పల్లీలు ఏరడం, పొట్టు ఊదడం, ముద్దను అదమడం, నువ్వులలో దొర్లించడం వారి చేతులకు తగిన పనులే. పాలు పడని బిడ్డ చేతనే ఆ పళ్ళెం అందరికీ పంచిపెట్టించండి. ఎప్పుడూ వద్దనిపించుకునే పిల్లవాడు ఆ రోజు ఇచ్చేవాడవుతాడు.

ఒక బాధ్యత మిగిలి ఉంది. పాలలాగే పల్లీలు, నువ్వులు కూడా కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలిగిస్తాయి. మీ బిడ్డకు అవి సరిపడతాయో లేదో తెలుసుకున్నాకే మొదలుపెట్టండి. పొరుగింటికి డబ్బా పంపేటప్పుడు ఒక చిన్న కాగితం మీద అందులో ఏమేమి వేశారో రాసి మూత కింద పెట్టండి. పల్లీలు, ఖర్జూరం, పుట్నాలు, బెల్లం, కోకో, నువ్వులు, పాలు లేవు. అన్నీ కలిపి ఒక్క పంక్తి. దుకాణపు బార్ మీద మనం వెతికే నిజాయితీ మన ఇంటి డబ్బా మీద కూడా ఉండాలి కదా.