అబద్ధం కోసం ఎవడు చస్తాడండీ?

ఈ ప్రశ్న మీరూ వినే ఉంటారు. ఒకప్పుడు పవర్‌పాయింటు అటాచ్‌మెంటుగా వచ్చేది, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తోంది. సరుకు మాత్రం అదే. అపొస్తలుల పేర్లు వరసగా, ఒక్కో పేరు పక్కన ఒక్కో చావు. పేతురుని తలకిందులుగా సిలువ వేశారు, అంద్రెయని ఎక్స్ ఆకారపు సిలువకి కట్టారు, బర్తొలొమయికి బతికుండగానే చర్మం ఒలిచారు, సీమోనుని రంపంతో కోశారు, తోమాని మన మద్రాసులోనే ఈటెతో పొడిచారు. ఆఖర్న పెద్దక్షరాల్లో ఫైనల్ దెబ్బ: క్రీస్తు తిరిగి లేవడం కళ్ళారా చూడకపోతే ఇంత బాధ పడతారా, అబద్ధం కోసం ఎవడైనా చస్తాడా?

విశ్వాసం మీద నాకు పేచీ లేదు. "నేను నమ్ముతున్నాను" అంటే అక్కడితో మాట అయిపోయింది. కానీ "ఇది చరిత్ర, ఇది ప్రూఫు, నువ్వు ఇంజినీరువి కదా, లాజికల్‌గా ఆలోచించు" అంటే మాత్రం సరే, ఆలోచిద్దాం. పొద్దున్న లేస్తే మనం చేసే పని అదే కదా. ఎవడో "మా మాడ్యూల్ పనిచేస్తోంది" అంటే "లాగ్ చూపించు బాబూ" అనడం.

లాగ్ గట్టిగా ఉన్నవాళ్ళతో మొదలెడదాం. జెబెదయి కొడుకు యాకోబుని హేరోదు అగ్రిప్ప కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో ఉంది. ఒక్క వాక్యం, అంతే. అగ్రిప్ప క్రీ.శ. 44లో పోయాడు కాబట్టి ఇది అంతకు ముందే. చరిత్రకారులు దీన్ని పెద్దగా శంకించరు. తర్వాత, యేసు సోదరుడు యాకోబు. ఈయన పన్నెండుగురిలో ఒకడు కాదని చాలామంది పండితుల మాట. క్రీ.శ. 62లో ప్రధాన యాజకుడు అననస్ ఈయన్ని రాళ్ళతో కొట్టించి చంపించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఆయన చెప్పిన నేరం "ధర్మశాస్త్రం మీరారు" అని. పునరుత్థానం ఊసే లేదు. పైగా ఆ పని ఊళ్ళో న్యాయబుద్ధి ఉన్నవాళ్ళకే నచ్చక ఫిర్యాదు చేస్తే అననస్ పదవి ఊడిందట.

ఇక పేతురు, పౌలు. మొదటి శతాబ్దం చివర్లో రోము సంఘం కొరింథుకి రాసిన ఉత్తరం ఒకటుంది, క్లెమెంట్ రాశాడంటారు. ఇద్దరూ కష్టాలు పడి, సాక్ష్యం ఇచ్చి వెళ్ళిపోయారని ఉంటుంది అందులో. ఎక్కడ, ఎలా, ఎవరు చంపారు అన్నది లేదు. అయినా వీళ్ళిద్దరూ రోములో చంపబడ్డారన్నది నమ్మదగిన మాటే. ఆ విషయంలో గొడవ లేదు నాకు.

ఈ నలుగురు అయ్యాక లాగ్ ఫైలు ఖాళీ. మరి ఆ రంపాలూ, ఒలిచిన చర్మాలూ ఎక్కడివి?

రెండో శతాబ్దం చివరి నుంచి "పేతురు కార్యాలు", "అంద్రెయ కార్యాలు", "తోమా కార్యాలు" అని పుస్తకాలు వచ్చాయి. బైబిల్లో లేనివి. పేతురు కార్యాల్లో కుక్క మనిషిలా మాట్లాడుతుంది. కిటికీకి వేలాడుతున్న ఎండుచేపని పేతురు నీళ్ళలో వేస్తే ఈదుకుంటూ పోతుంది. సీమోను అనే మంత్రగాడు రోము మీద గాల్లో ఎగురుతుంటే పేతురు ప్రార్థన చేసి కింద పడేస్తాడు. తలకిందుల సిలువ కథ వివరంగా ఉన్నది ఈ పుస్తకంలోనే. పైగా "ప్రభువులా చావడానికి నేను తగను" అన్న వినయం అందులో లేదు. మొదటి మనిషి తలకిందులుగా పడ్డాడు అంటూ సిలువ మీద నుంచి పెద్ద తత్వోపన్యాసం ఇస్తాడు. వినయం కారణం నాలుగో శతాబ్దం చివర్లో జెరోము రాసిన దాంట్లో కనిపిస్తుంది. అన్నట్టు ఫిలిప్పు కార్యాల్లో చిరుతపులీ మేకపిల్లా మాట్లాడతాయి. ఫిలిప్పు చావు వివరాలూ ఆ పుస్తకంలోవే.

ఇక్కడ అసలు సంగతి చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి. ఈ పుస్తకాల్లో అపొస్తలులని ఎందుకు చంపుతారో తెలుసా? పేతురు రోములో బ్రహ్మచర్యం బోధిస్తాడు. అది విని నగరాధికారి అగ్రిప్ప ఉంపుడుగత్తెలూ, అల్బినస్ అనే పెద్దమనిషి భార్యా మగవాళ్ళని దగ్గరికి రానివ్వడం మానేస్తారు. వాళ్ళకి ఒళ్ళు మండి పేతురుని చంపిస్తారు. అంద్రెయ కథలో గవర్నరు ఏజియాటిస్ భార్య మాక్సిమిల్లా మొగుడి పడకగదికి వెళ్ళనంటుంది, అంద్రెయకి సిలువ. తోమా కథలో రాజు మజ్దాయి బంధువు భార్య, ఆ తర్వాత సాక్షాత్తూ రాజుగారి భార్య అదే పని చేస్తారు, తోమాకి నాలుగు ఈటెలు. ముగ్గురికీ ఒకటే స్క్రిప్టు. పాత్రల పేర్లు మార్చి కాపీ పేస్ట్ చేసినట్టు లేదూ?

కాబట్టి ఫార్వర్డు పంపేవాళ్ళకి నా ప్రశ్న. ఈ పుస్తకాలు చరిత్ర అయితే వీళ్ళు చచ్చింది పునరుత్థానం చూశామన్నందుకు కాదు, మొగుళ్ళ కోపానికి. చరిత్ర కాకపోతే ఆ చావు వివరాలు మీకు ఎక్కడివి? మాట్లాడే కుక్కని చెత్తబుట్టలో వేసి, ఆఖరి పేజీ మాత్రం చించి జేబులో పెట్టుకుంటానంటే ఎలా? వీటిని కల్పితాలన్నది నాస్తికులు కాదు. అంద్రెయ కార్యాలూ యోహాను కార్యాలూ మతభ్రష్టుల కల్పనలని నాలుగో శతాబ్దంలో సంఘ చరిత్ర రాసిన బిషప్పు యూసేబియస్సే తేల్చాడు. పౌలు కార్యాల సంగతైతే ఇంకా విచిత్రం. అది రాసింది ఆసియా ప్రాంతపు సంఘ పెద్ద ఒకాయననీ, పౌలు మీద ప్రేమతో రాశానని ఒప్పుకున్నాక పదవి పోయిందనీ టెర్టులియన్ చెప్పాడు. పౌలు తల నరికితే పాలు చిమ్మాయన్నది ఆ పుస్తకంలోదే.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, ఎవరూ ఫార్వర్డు చెయ్యరు. రెండో శతాబ్దంలో హెరాక్లియోన్ అనే వ్యాఖ్యాత, అధికారుల ముందు నోటితో ఒప్పుకోలు చెయ్యకుండానే వెళ్ళిపోయినవాళ్ళని లెక్కపెడుతూ మత్తయి, ఫిలిప్పు, తోమా, లేవి పేర్లు చెప్పాడు. అలెగ్జాండ్రియా క్లెమెంట్ (పైన చెప్పిన రోము క్లెమెంట్ కాదు, ఈయన వేరు) ఆ మాట ఎత్తి రాసి, ఇంకో విషయంలో ఆయన్ని తప్పుపట్టాడు గానీ ఈ పేర్ల జోలికి పోలేదు. అంటే అప్పటికి వీళ్ళు హతసాక్షులన్న మాట అందరూ ఒప్పుకున్నది కాదన్నమాట.

హతసాక్షి. మన తెలుగు క్రైస్తవులు ఎంచుకున్న ఈ మాట చూడండి, ఎంత నిజాయితీగా ఉందో. గ్రీకులో "మార్తుస్" అంటే ఉత్త సాక్షి. చంపబడ్డవాడు అన్న అర్థం తర్వాత మెల్లిగా వచ్చి చేరింది. తెలుగులో రెండు ముక్కలూ విడివిడిగా కనిపిస్తాయి. క్రీ.శ. 190 ప్రాంతంలో ఎఫెసు బిషప్పు పాలిక్రటిస్ ఒక ఉత్తరంలో యోహానుని "మార్తుస్" అన్నాడు. సాక్షి అని అనువాదం చేస్తే యోహాను ముసలాడై మంచం మీద పోతాడు, హతసాక్షి అంటే హత్య అయిపోతాడు. యోహాను ట్రాజన్ చక్రవర్తి కాలం దాకా బతికాడని ఇరేనియస్ రాశాడు కాబట్టి బతికిపోయాడు పాపం :) అయినా ఊరుకోలేదు. రోములో మరిగే నూనెలో వేస్తే ఏమీ కాలేదని టెర్టులియన్ రాసిపెట్టాడు.

పోనీ, అందరూ నిజంగానే చంపబడ్డారనుకుందాం. అప్పుడైనా లాజిక్ నిలబడుతుందా? "మాట వెనక్కి తీసుకుంటే వదిలేస్తాం" అన్నా తీసుకోలేదు అన్నది ఈ వాదనకి ప్రాణం. క్రీ.శ. 112 ప్రాంతంలో గవర్నరు ప్లినీ అలాంటి అవకాశం ఇచ్చేవాడు, మూడుసార్లు అడిగేవాడినని తనే చక్రవర్తికి రాశాడు. కానీ 64లో రోము తగలబడ్డాక నీరో క్రైస్తవుల మీద వేసింది నిప్పుపెట్టారన్న నింద. అక్కడ వెనక్కి తీసుకోవడానికి ఏముంది? టాసిటస్ ఆ చావులు వర్ణించాడు గానీ "ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు" అని ఎక్కడా రాయలేదు. పేతురు, పౌలుల పేర్లూ లేవు.

ఇంకొకటి. 1844లో అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం కార్తేజ్ జైల్లో జోసెఫ్ స్మిత్‌నీ, అతని అన్ననీ గుంపు కాల్చి చంపింది. దేవదూత బంగారు రేకులు చూపించాడన్న మోర్మన్ ప్రవక్త ఇతనే. ఆ రేకుల్ని చూశామని సంతకం పెట్టిన ముగ్గురు ముఖ్య సాక్షులూ తర్వాత స్మిత్‌తో తగాదా పడి బయటికెళ్ళారు, అయినా చూశామన్న మాట మార్చలేదు. చచ్చిన ఏడెనిమిదేళ్ళ తర్వాత కాదు, అదే కాలంలో పేపర్లలో నమోదైన సంగతులివి. మరి ఫార్వర్డు పంపే అన్నయ్యలు ఎవరైనా మోర్మన్లలో కలిశారా? "అతను భ్రమపడి ఉంటాడు" అంటారు. అంటే నిజం, అబద్ధం కాకుండా మూడో దారి కూడా ఉందని మీరే ఒప్పుకున్నారు. అది మీ లిస్టుకి వర్తించదా?

క్రైస్తవ పక్షాన వాదించే షాన్ మెక్‌డొవెల్ 2015లో ఈ విషయం మీదే పెద్ద పుస్తకం వేశాడు. ఆయన కూడా గట్టిగా నిలబడతాయన్నది పైన చెప్పిన ఆ నలుగురి చావులే. అందుకే "అందరూ చంపబడ్డారు" అనకుండా "చావడానికి సిద్ధపడ్డారు" అని వాదన తగ్గించుకున్నాడు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మర్యాదైన వాదన అది.

ఇక మన తోమా. గిండీ దాటి చెన్నై ఎయిర్‌పోర్టుకి వెళ్ళే మనవాళ్ళకి పరంగిమలై తెలుసు. ఇక్కడే తోమాని బ్రాహ్మణులు పొడిచి చంపారని ఒక పక్షం, అంతా పోర్చుగీసువాళ్ళ కట్టుకథ అని ఇంకో పక్షం. ఆఫీసు క్యాంటీన్లో ఈ రెండు పక్షాలూ ఒకరి కులాన్ని ఒకరు, ఒకరి మతాన్ని ఒకరు తిట్టుకోవడం చూస్తే, ఇది పాత పుస్తకాల గొడవ మాత్రమే కాదని తెలుస్తుంది. ఇద్దరి మాటా నిలబడదు. మూడో శతాబ్దపు తోమా కార్యాల్లో మైలాపూరు లేదు, బ్రాహ్మణుడూ లేడు. రాజాజ్ఞ మీద నలుగురు సైనికులు చంపుతారు, తర్వాత ఎముకల్ని రహస్యంగా పడమటికి తీసుకుపోతారు. నాలుగో శతాబ్దంలో ఎగేరియా అనే యాత్రికురాలు తోమా స్మారకాన్ని చూడ్డానికి వెళ్ళింది ఎడెస్సాకి, మైలాపూరుకి కాదు. అలాగని పోర్చుగీసులు శూన్యం నుంచి పుట్టించారనడమూ కుదరదు. 1547లో పరంగిమలై మీద దొరికిన రాతి సిలువ మీద ఉన్నది పహ్లవీ రాత. వాళ్ళకంటే ముందే పర్షియా క్రైస్తవులు అక్కడ మసిలారని అర్థం. వాళ్ళకి రెండొందల ఏళ్ళ ముందు మార్కో పోలో ఆ సమాధి గురించి రాశాడు కూడా.

ఆయన ఏం రాశాడంటే, తోమా అడవిలో ప్రార్థన చేసుకుంటున్నాడు, చుట్టూ నెమళ్ళు. ఒక వేటగాడు నెమలి మీద బాణం వేశాడు, గురి తప్పి అది తోమాకి తగిలింది. హత్య కాదు, యాక్సిడెంటు. క్రైస్తవులూ ముస్లిములూ కూడా ఆ చోటికి వచ్చి దణ్ణం పెట్టుకునేవాళ్ళట, జ్వరాలకి మందని అక్కడి మట్టి పట్టుకెళ్ళేవాళ్ళట. 1572లో అచ్చయిన కమోయెంష్ పోర్చుగీసు కావ్యం లూసియాదాస్‌కి వచ్చేసరికి, సొంత కొడుకుని చంపి నేరం తోమా మీదకి నెట్టే బ్రాహ్మణుడు తయారయ్యాడు.

కన్నప్ప కన్ను పెరికి ఇచ్చాడని ధూర్జటి రాస్తే కన్నీళ్ళు పెట్టుకుంటాం, శ్రీకాళహస్తి వెళ్ళొస్తాం. అది చూపించి ఎవరినీ కోర్టుకి లాగం, ఎవరి కులాన్నీ బోనెక్కించం. తోమా విషయంలో మాత్రం ఆ నెమలి వేటగాణ్ణి ఇరుపక్షాలూ కలిసి మాయం చేసేశాయి. కావాలంటే వచ్చేవారం క్యాంటీన్లో మార్కో పోలో పేరెత్తి చూడండి.