ఫోను చెప్పే నమాజ్ వేళ నిజమేనా?



నమాజ్‌కు వుజూ ఎలా షరతో, వేళ కూడా అలాగే షరతు. వేళ ప్రవేశించకముందే చేసిన ఫర్జ్ నమాజ్ నెరవేరదు. సుబ్హె సాదిఖ్ అయిన తర్వాత కూడా తింటూ కూర్చుంటే ఆనాటి ఉపవాసం నిలవదు. పూర్వం ఈ వేళలను మనకు మస్జిద్ గోడకు వేలాడే పట్టిక, ముఅజ్జిన్ గొంతు తెలియజేసేవి. నేడు నెల్లూరు తీరగ్రామాల్లో సైతం ఎన్నో ఇళ్ళల్లో ఆ బాధ్యత ఫోను మీద పడింది. అజాన్ వినబడనంత దూరాన నివసించేవారికి, మంచం దిగలేని వృద్ధులకు, ఇంటిపట్టున ఉండే స్త్రీలకు ఇది సౌకర్యమే. అయితే ఒకే ఇంట్లో తండ్రి ఫోను ఒక వేళను, కుమార్తె ఫోను మరొక వేళను చూపినప్పుడు ఏది నమ్మాలన్న సందేహం కలుగుతుంది. రమజాన్ మాసంలో ఈ ప్రశ్న నాకు తరచు ఎదురవుతుంది. అందుకే ఈ నెల ఈ విషయాన్ని మీ ముందుంచుతున్నాను.

యాప్ ఆకాశాన్ని చూడదు

మొదట ఒక విషయం గ్రహించాలి. నమాజ్ యాప్ సూర్యుణ్ణి చూసి వేళ చెప్పదు. అది లెక్క వేస్తుంది. ఆ లెక్కకు నాలుగు సంగతులు కావాలి: మీరున్న చోటు, ఆనాటి తేదీ, ఫోను గడియారం, లెక్కించే పద్ధతి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా తెరమీద కనబడే వేళ తప్పుతుంది. అయినా అంకెలు మాత్రం అంతే అందంగా, అంతే ధీమాగా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

చోటు సంగతి చూద్దాం. మన దేశ కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకున్నది. నెల్లూరు దానికి పడమరగా, దాదాపు 80 డిగ్రీల వద్ద ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా వస్తుంది గనుక మన సూర్యుడు గడియారం కంటే సగటున పది నిమిషాలు వెనుక. హైదరాబాద్ మనకంటే మరో డిగ్రీన్నర పడమర, ముంబై ఏడు డిగ్రీలు పడమర. యాప్‌కు లొకేషన్ అందనప్పుడు కొన్ని యాప్‌లు ఇంటర్నెట్ చిరునామాను బట్టి ఊరును ఊహిస్తాయి. ఆ చిరునామా కొన్నిసార్లు మరో మహానగరం పేరిట ఉంటుంది. నెల్లూరులో కూర్చున్నవారి ఫోను హైదరాబాద్ వేళను చూపితే మార్చి నెలలో సహరీ ముగింపు సుమారు అయిదు నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుంది. ముంబై వేళను చూపితే ఆ తేడా పాతిక నిమిషాలు దాటుతుంది. అంటే ఫోనును నమ్మి చివరి ముద్ద దాకా తిన్న వ్యక్తి ఉషోదయమైన చాలాసేపటి వరకు తింటూనే ఉన్నాడన్నమాట.

తేడా తీరే రోగాన్ని చెబుతుంది

వైద్యుడు జ్వరం వచ్చే వేళను బట్టి రోగాన్ని గుర్తించినట్లు, వేళల్లోని తేడాను బట్టి యాప్‌లోని లోపాన్ని గుర్తించవచ్చు. మీ మస్జిద్ పట్టికను ఒక పక్క, ఫోనును మరో పక్క పెట్టుకొని అయిదు పూటల వేళలనూ పోల్చి చూడండి.

అయిదు వేళలూ ఇంచుమించు ఒకే మోతాదులో ముందుకో వెనక్కో జరిగి ఉంటే తప్పు చోటులో ఉన్నట్లు. యాప్‌లో ఊరి పేరు ఏమున్నదో చూడండి. తేడా గంటల్లో ఉంటే తప్పు గడియారానిది. గల్ఫ్ నుంచి వచ్చినవారి ఫోనులో కాలమానం అక్కడిదే నిలిచిపోవచ్చు. సౌదీకి, మనకు రెండున్నర గంటల తేడా. ఎమిరేట్స్‌కు, మనకు గంటన్నర తేడా. ఫోను సెట్టింగ్స్‌లో తేదీ, సమయం నెట్‌వర్క్‌ను బట్టి వాటంతట అవే మారేలా పెడితే ఇది తీరిపోతుంది.

ఫజ్ర్, ఇషా మాత్రమే తేడాగా ఉండి తక్కిన మూడూ సరిపోతే తప్పు లెక్కింపు పద్ధతిలో ఉన్నట్లు. ఈ రెండు వేళలూ సూర్యుడు దిగ్మండలానికి ఎన్ని డిగ్రీలు కిందుగా ఉన్నాడన్న దానిపై ఆధారపడతాయి. భారత ఉపఖండంలో ఎక్కువగా వాడే కరాచీ పద్ధతిలో రెండింటికీ 18 డిగ్రీలు. ఉత్తర అమెరికాలో ప్రచారంలో ఉన్న ఇస్నా పద్ధతిలో 15 డిగ్రీలు. మన అక్షాంశంలో ఆ మూడు డిగ్రీలకు 12, 13 నిమిషాల తేడా వస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు ప్రేమతో సిద్ధం చేసి పంపిన ఫోనులో అక్కడి పద్ధతే ఉండిపోతే ఇక్కడ తల్లి సహరీ అన్ని నిమిషాలు గీత దాటుతుంది. సౌదీలో వాడే ఉమ్ముల్ ఖురా పద్ధతిలోనైతే ఇషాను మగ్రిబ్ తర్వాత 90 నిమిషాలకు, రమజాన్‌లో 120 నిమిషాలకు నిర్ణయిస్తారు. నెల్లూరులో 18 డిగ్రీల లెక్కన మగ్రిబ్ తర్వాత 70 నుంచి 80 నిమిషాలకే ఇషా ప్రవేశిస్తుంది.

అస్ర్ ఒక్కటే తేడాగా ఉంటే అది తప్పు కాదు, మజ్‌హబ్ భేదం. వస్తువు నీడ, మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువుకు సమానమైనప్పుడు షాఫయీ పద్ధతిలో అస్ర్ ప్రవేశిస్తుంది. రెండింతలైనప్పుడు హనఫీ పద్ధతిలో ప్రవేశిస్తుంది. నెల్లూరులో ఈ రెండింటి నడుమ డిసెంబరులో ముప్పావు గంటకు కాస్త పైగా, జూన్‌లో గంటా పది నిమిషాల దాకా ఎడం ఉంటుంది. యాప్‌లో ఈ ఎంపిక వేరుగా ఉంటుంది. మీరు అనుసరించే మార్గాన్ని అక్కడ ఎన్నుకోండి.

వేళలన్నీ సరిగ్గా ఉండి అజాన్ మాత్రం మోగకపోతే లెక్కను అనుమానించకండి. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చి ఉంటుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ ఒక్క యాప్‌కు మినహాయింపు ఇచ్చి, నోటిఫికేషన్‌కు అనుమతి ఉన్నదో లేదో చూడండి. హిజ్రీ తేదీ ఒకరోజు ముందున్నట్లయితే యాప్ సౌదీ తేదీని చూపుతుండవచ్చు. ఒకరోజు వెనక్కి జరిపే వీలు సాధారణంగా ఉంటుంది. ఏది ఏమైనా నెలవంక నిర్ణయం మన పెద్దలది, ఫోనుది కాదు. ఒకటి రెండు నిమిషాల తేడాకు మాత్రం కలవరపడనక్కర్లేదు. మస్జిద్ పట్టికలు తయారుచేసేవారు జాగ్రత్త కోసం కొన్ని నిమిషాలు కలపడం ఉన్నదే.

ఖిబ్లా సూచిక విషయమూ ఇంతే. నెల్లూరు నుంచి ఖిబ్లా నేరు పడమర కాదు. పడమర నుంచి ఉత్తరం వైపుగా సుమారు 16 డిగ్రీలు. ఇనుప బీరువా పక్కన నిలబడినా, ఫోను తొడుగులో అయస్కాంతం ఉన్నా ముల్లు దారితప్పుతుంది. ఆరుబయటకు వచ్చి, తొడుగు తీసి, ఫోనును గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో కొన్నిసార్లు తిప్పి మళ్ళీ చూడండి.

సముద్రం సాక్ష్యం చెబుతుంది

తీరవాసులకు అల్లాహ్ ఒక సులువైన పరీక్షను ప్రసాదించాడు. మబ్బు, మంచు లేని ఉదయాన మైపాడు తీరాన నిలబడి సూర్యబింబం అంచు నీటిపై తొలిసారి మెరిసిన నిమిషాన్ని గుర్తుపెట్టుకోండి. ఫోనులో సూర్యోదయం కింద ఉన్న వేళతో పోల్చండి. ఒకటి రెండు నిమిషాల్లో సరిపోతే మీ ఫోనుకు చోటు, గడియారం సరిగ్గా ఉన్నట్లే. తీరానికి దూరంగా ఉన్నవారు ఒక కర్రను నిటారుగా నాటి నీడ అతి పొట్టిగా అయ్యే వేళను చూడవచ్చు. నెల్లూరులో ఆ వేళ ఫిబ్రవరి నడుమ 12.24 గంటలకు, నవంబరు మొదట్లో 11.54 గంటలకు వస్తుంది. మా మదరసా పిల్లలకు వేళల శాస్త్రం బోధించేటప్పుడు నేను మొదట కర్రనే ఇస్తాను, ఆ తర్వాతే పుస్తకం. 14వ శతాబ్దంలో దమిష్క్ ఉమవీ మస్జిద్‌లో వేళలను నిర్ణయించే మువఖ్ఖిత్ పదవిలో ఉన్న ఇబ్నుష్షాతిర్ అక్కడి మీనారు కోసం గొప్ప నీడగడియారాన్ని నిర్మించాడు. నీడ ఎక్కడ పడుతున్నదో చూసేవారందరికీ కనబడేది. యాప్‌లో లెక్క కనబడదు; అందుకే పరీక్షించే బాధ్యత మనది.

ఊరు చెబితే చాలు

ఇక రెండో విషయం. నా దృష్టిలో ఇదే ముఖ్యం. యాప్‌కు మన చోటు కావాలన్నాం. ఎంత ఖచ్చితంగా కావాలి?

నెల్లూరు అక్షాంశంలో తూర్పు పడమరలుగా 27 కిలోమీటర్లు జరిగితే గాని వేళలో ఒక నిమిషం తేడా రాదు. నెల్లూరుకు, మైపాడుకు నడుమ నిమిషం తేడా కూడా లేదు. కావలి మనకు ఉత్తరాన దాదాపు ఇదే రేఖాంశం మీద ఉన్నది. కాబట్టి నమాజ్ వేళ చెప్పడానికి యాప్‌కు మీ ఊరి పేరు తెలిస్తే చాలును. మీ వీధి, మీ ఇల్లు, మీరు ఏ పూట ఎక్కడికి వెళ్తున్నారన్నది తెలియనక్కర్లేదు. అయినా చాలా యాప్‌లు దాన్నే అడుగుతాయి. మనమూ చదవకుండా సరేనని నొక్కుతాము.

దీని పర్యవసానం ఊహాగానం కాదు. ప్రపంచవ్యాప్తంగా 9.8 కోట్లకు పైగా డౌన్‌లోడ్ అయిన ముస్లిమ్ ప్రో యాప్ నుంచి వాడుకరుల లొకేషన్ సమాచారం ఎక్స్-మోడ్ అనే అమెరికా వ్యాపార సంస్థకు చేరుతున్నదని, ఆ సంస్థ కొనుగోలుదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే వార్తా వెబ్‌సైట్ బయటపెట్టింది. ముస్లిమ్ ప్రో ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నట్లు ప్రకటించింది. ఆ డిసెంబరులోనే ఆపిల్, గూగుల్ సంస్థలు ఎక్స్-మోడ్ కోడ్‌ను యాప్‌ల నుంచి తొలగించాలని ఆదేశించాయి. 2021 జనవరిలో సలాత్ ఫస్ట్ అనే మరో యాప్ గురించి ఇలాంటి వార్తే వెలువడింది. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఎక్స్-మోడ్‌కు వారసురాలైన సంస్థ సున్నితమైన లొకేషన్ సమాచారాన్ని అమ్మరాదని నిషేధించింది.

ఇది ఎలా జరుగుతుంది? యాప్ తయారీదారు ఆదాయం కోసం బయటి సంస్థ ఇచ్చే చిన్న కోడ్‌ను తన యాప్‌లో చేర్చుకుంటాడు. మన అనుమతితో యాప్ తెలుసుకున్న చోటును ఆ కోడ్ సమయంతో సహా, ప్రకటనల కోసం ఫోనుకు ఉండే గుర్తింపు సంఖ్యతో జోడించి బయటికి పంపుతుంది. అందులో పేరు ఉండకపోవచ్చు. కాని రాత్రంతా ఫోను ఎక్కడ నిలిచి ఉన్నదో అది ఇల్లు. ఫజ్ర్‌కు ఎక్కడికి వెళ్ళిందో అది మస్జిద్. ఈ రెండూ తెలిశాక పేరు తెలుసుకోవడం ఎంతసేపు?

పరుల గుట్టు వెదకడాన్ని ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో నిషేధించింది. అనుమతి పొందకుండా పరుల ఇంట ప్రవేశించరాదని నూర్ సూరాలో బోధించింది. అనుమతి అడగడం వచ్చేవారి విధి అయినప్పుడు, ఎవరికి ఎంతవరకు అనుమతి ఇస్తున్నామో తెలుసుకోవడం ఇంటివారి వివేకం. వాకిట్లో నిలబడి మంచినీళ్ళు అడిగిన వ్యక్తికి ఎవరూ బీరువా తాళాలు ఇవ్వరు కదా! మన దేశ సర్వోన్నత న్యాయస్థానం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. హక్కు మనకు ఉన్నది. వాడుకోవలసింది మనమే.

చేయవలసినవి కొన్నే. యాప్‌లో ఊరిని మీరే ఎన్నుకోండి. ఆ తర్వాత లొకేషన్ అనుమతిని పూర్తిగా తీసివేయండి. యాప్ ఒప్పుకోకపోతే 'వాడుతున్నప్పుడు మాత్రమే' అన్న అనుమతినిచ్చి, ఖచ్చితమైన లొకేషన్‌ను ఆపివేయండి; కొత్త ఫోనులన్నింటిలో ఈ వీలున్నది. కాంటాక్టులు, కెమెరా, మైక్ అడిగే నమాజ్ యాప్‌ను తొలగించండి. వేళ లెక్కకు వాటితో పనిలేదు. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రకటనల సెట్టింగ్స్‌కు వెళ్ళి ప్రకటనల గుర్తింపు సంఖ్యను చెరిపివేయండి. ప్రయాణంలో ఉన్నప్పుడు మాత్రం ఊరి పేరు మార్చుకోవడం మరువకండి.

ఆశ్చర్యమేమంటే, వేళ సరిచేసుకోవడానికి, గోప్యత కాపాడుకోవడానికి మందు ఒక్కటే. ఊరిని మీ చేతితో ఎన్నుకున్నప్పుడు యాప్ ముంబైని ఊహించదు, మీ ఇంటిని వెంబడించదు. ఇంట్లో ఫోను బాగా తెలిసిన పిల్లవాడో, అమ్మాయో ఈ జుమా నాడు నానీ, దాదాల ఫోనులతో సహా అన్నింటినీ ముందుంచుకొని, మస్జిద్ పట్టికతో పోల్చి సరిచేస్తే అరగంటలో పని ముగుస్తుంది. పెద్దల ఉపవాసాన్ని, నమాజ్‌ను కాపాడిన ఆ అరగంట వృథా పోదు.

అల్లాహ్ మన ఆరాధనలను వాటి వేళల్లో నెరవేర్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక. మన ఇళ్ళ గుట్టును కాపాడుగాక. ఆమీన్.